కుర్చీ పక్కన బోర్డు

"అమ్మా, తాడు దాటకూడదు!"

మ్యూజియం గుమాస్తా కేక వేసేలోపే ఆ పెద్దావిడ తాడు దాటేసింది. చెక్క కుర్చీ పక్కన నిలబడి, కళ్లజోడు సర్దుకుని, బోర్డు చదివింది.

'రోగుల రక్షణ కోసం వాడిన కుర్చీ.'

"పచ్చి అబద్ధం," అంది.

అది పాత మానసిక ఆసుపత్రి. మూతబడ్డ వార్డులో ఆనాటి సామానంతా పేర్చి మ్యూజియం చేశారు. కరెంటు షాకు పెట్టె, చేతులు కట్టేసే చొక్కా, తోలు పట్టీలున్న ఈ కుర్చీ.

"పెద్ద డాక్టరుగారు రాయించారమ్మా."

"ఆయన అప్పటికి పుట్టాడా? ఏడిస్తే కట్టారు. తిండి వద్దంటే కట్టారు. రక్షణట, రక్షణ!"

"మీకెలా తెలుసు?"

"పదకొండేళ్లు ఇక్కడే ఉన్నాను నాయనా."

గుమాస్తాకి విషయం అర్థమైపోయింది. గొంతు తగ్గించాడు.

"మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"బీపీకి వేసుకుంటున్నా. నీతో మాట్లాడాక ఇంకోటి వేసుకోవాలి."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టడం, కుర్చీ దాకా నడవడం, "మార్చావా?" అనడం.

"నా చేతుల్లో లేదమ్మా."

ఆరో రోజు తనే ఒక అట్టముక్క తెచ్చింది. అక్షరాలు వంకర పోయినా మాట సూటిగా ఉంది: 'ఏడ్చినవాళ్లనీ, ఎదురు చెప్పినవాళ్లనీ ఇందులో రోజుల తరబడి కట్టేశారు.'

"ఇది పెట్టు."

"చూస్తాలెండి," అని సొరుగులో పడేశాడు.

ఆవిడ గుమ్మం దాటాక పక్క సీటతనితో నవ్వాడు. "పాత పేషెంటు, పాపం. ఇంకా తిక్క వదల్లేదు."

తర్వాత వారం రోజులు ఆవిడ కనబడలేదు.

ఎనిమిదో రోజు ఆవిడ కూతురు వచ్చింది.

"అమ్మ మొన్న పోయిందండీ. ఊపిరాడకపోయినా అదే మాట. బోర్డు మార్చారేమో చూసి రమ్మంది."

బోర్డు చదివి వెళ్లిపోయింది.

గుమాస్తా సొరుగు లాగాడు. ఎవరినీ అడగలేదు. పాత బోర్డు పీకేసి, అట్టముక్క తగిలించాడు. పెద్ద డాక్టరు నిలదీస్తే తనే జవాబు చెప్పుకుంటాననుకున్నాడు.

కింద 'ఇక్కడ ఉండి వెళ్లిన ఒక రోగి మాట' అని ఆవిడ పేరు వేద్దామనిపించింది. ఏ ఏడు చేరిందో చూద్దామని రోగుల రిజిస్టర్లు దించాడు. దుమ్ముకి తుమ్ముతూ సాయంత్రం దాకా తిరగేశాడు.

ఆ పేరు ఎక్కడా లేదు.

చివరికి అది సిబ్బంది ఫైల్లో, ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తర్వు మీద దొరికింది: 'హెడ్ నర్సు, కుర్చీలో ఉన్న రోగి కట్లు విప్పేసి, తానే అందులో కూర్చుని, దాన్ని వార్డులోంచి తీయించేదాకా మూడు రోజులు లేవలేదు.'