చివరి గాడిలో నిశ్శబ్దం

డ్యాన్స్ క్లబ్బుల కోసం హౌస్ మ్యూజిక్ చేసే అతని తొలి ఆల్బమ్ ఆ రోజే వినైల్ రికార్డుగా చేతికొచ్చింది. ఆర్నెల్ల కిందట పోయిన తమ్ముడికి అంకితం. రాత్రి భార్య పడుకున్నాక ఒక్కడే పెట్టుకుని విన్నాడు. పాటలన్నీ అయ్యాక ముల్లు చివరి గాడిలో పడి అక్కడక్కడే తిరగసాగింది. ఆ గాడిలో పెట్టింది తన ఇంటి నిశ్శబ్దమే. నిరుడు ఓ రాత్రి హాల్లో మైకు వదిలేసి పడుకున్నాడు. రికార్డయినదాన్ని వినకుండానే ఆ గాడి కోసం కంపెనీకి పంపేశాడు, నిశ్శబ్దాన్ని ఎవడు వింటాడులే అని.

ఏదో గుసగుసలా వినబడి సౌండు పెంచాడు.

“అన్నయ్య పడుకున్నాడా వదినా?”

“పడుకున్నాడు, రా.”

మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. చేతులారా పెంచిన తమ్ముడే తడిగుడ్డతో గొంతు కోశాడు. అతను ముల్లు ఎత్తేశాడు. స్పీకర్లు మూగబోయాయి.

“అన్నయ్య పడుకున్నాడా వదినా?”

పడకగదిలోంచి భార్య మెల్లగా బదులిచ్చింది.

“ఇంకా లేదు. వింటున్నాడు.”