పుట మీద పేరు

“ఊరంతా నోరారా పాడుతోంది. నాకు మాత్రం ఆ పుట తెరిస్తే ఒళ్లు మండిపోతోంది,” అంటూ ఫీబీ పాటల పుస్తకాన్ని భర్త ముందు విసిరింది.

సైలస్ తలెత్తలేదు. ఒహాయో నది ఒడ్డున ఆ చిన్న ఊరి చర్చిలో అతను ఆర్గన్ వాయిస్తాడు. నిరుడు అతని పేరుతో అచ్చయిన పాట, క్రైస్తవుల్ని సేవకు పిలిచే పాట, ఎక్కడెక్కడి చర్చిలకో పాకింది. అది విని ఈ ఊరి నుంచే ఇద్దరు మిషన్ ఆసుపత్రిలో పనికి వెళ్లిపోయారు.

పాటకు ఒక పేరుంటే, దాని వరసకు, అంటే బాణీకి, వేరే పేరు పెట్టి పుట పైన అచ్చువేయడం చర్చి పాటలు కట్టేవాళ్ల ఆనవాయితీ. సొంత ఊరి పేరో, అమ్మ పేరో పెట్టుకుంటారు. సైలస్ ‘లవీనా’ అని పెట్టాడు. వీధి చివర బట్టలుతికి ఇస్త్రీ చేసే విధవరాలి పేరు కూడా లవీనాయే.

“మీకు వండి పెట్టేది నేను. పుట పైకెక్కేది ఆవిడా?”

“ఏదో ఒక పేరు ఉండాలి కదా.”

“ఫీబీ అని ఉండకూడదా? చిన్న పేరు, పలకడానికీ సులువు!”

“అదొక్కటీ అడక్కు. మార్చలేను.”

“ఎందుకు మారుస్తారూ! కాగితాలు పట్టుకుని ఆవిడ గుమ్మంలో గంటలకొద్దీ కూచోవడం నేను చూళ్లేదనుకున్నారా? అక్షరం ముక్క రాని మనిషితో కాగితాలేంటండీ?”

సైలస్ ముఖం కందగడ్డలా అయింది. ఫీబీకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ రోజే పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది. ఆర్గనిస్టు భార్య అలిగి వెళ్లిందని చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. మూడు వారాలు ఓర్చుకుని, సైలస్ ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు.

కొత్త ముద్రణ వచ్చింది. వరస పేరు: ఫీబీ.

ఆమె ఆనందం పట్టలేక, పుస్తకం చంకన పెట్టుకుని తిన్నగా లవీనా ఇంటికి వెళ్లింది.

“చూడు లవీనా. కాదు, నీకు చదువు రాదుగా, నేనే చదువుతాను. ఫీబీ! అంటే నేను. నీ పేరు కొట్టేశారు.”

లవీనా ఇస్త్రీపెట్టె పొయ్యి మీద పెట్టి స్టూలు మీద కూలబడింది.

“ఉంచుతానని బైబిలు మీద చెయ్యేసి చెప్పారమ్మా అయ్యగారు.”

“నీకు ప్రమాణాలు కూడా చేశారా? సిగ్గులేదూ!”

“కింద ఆయన పేరు వేసుకుంటే నేనేమన్నా అన్నానా? పైన ఆ ఒక్క ముక్కే అడిగాను.”

“అడగడానికి ఆయనకి నువ్వేమవుతావే?”

లవీనా ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది.

“ఆయనకి నేనేమీ కానమ్మా.”

లేచి ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఆ వరస కట్టింది నేను.”