మంచులో ఆడే టీమ్

బాసిత్ టీమ్‌లో చోటు దొరకడం కంటే ఖతర్ వీసా దొరకడమే సులువని మారుతికి వచ్చిన కొద్ది వారాల్లోనే అర్థమైంది.

అల్ ఖోర్ లేబర్ క్యాంప్‌లో వాళ్లుండే గదికి ఉన్న ఏకైక వైభవం ఒక పాత ప్లేస్టేషన్. మూత విరిగితే టేపు చుట్టి అతికించారు. దాంట్లో ఒకే ఒక్క ఆట, జపానువాళ్ల ఫుట్‌బాల్ ఆట, విన్నింగ్ ఎలెవెన్. ఏనాటిదో. ఆ తర్వాత ఆ ఆట ఏటేటా కొత్తగా వచ్చింది, పేరు మార్చుకుంది, చివరికి ఫోన్లలోకి ఉచితంగా దిగింది. బాసిత్ మాత్రం పాతదాన్ని వదలడు.

"కొత్తది ఫ్రీ గద భాయ్. బొమ్మలు గూడ అచ్చం మనుషుల లెక్కనే ఉంటయ్," అన్నాడు మారుతి.

"అండ్ల మన పేర్లు రాయనియ్యరు," అన్నాడు బాసిత్.

అదీ సంగతి. అప్పట్లో జపానువాళ్లకు అందరు ఆటగాళ్ల పేర్లూ వాడుకునే హక్కు దొరకలేదు. చాలా జట్లకు నోటికొచ్చిన పేర్లు తగిలించి వదిలేశారు. నచ్చకపోతే మీరే మార్చుకోండని ఆటలోనే ఏర్పాటు చేశారు. బాసిత్ ఒక జట్టును పట్టుకుని, ఆ దొంగపేర్లు చెరిపేసి తనవాళ్ల పేర్లు రాసుకున్నాడు. గోల్‌లో గంగన్న. వెనక ముఖ్తార్, ఇద్దరు నేపాలీలు. ముందు సురేందర్. అంతా ఒకప్పుడు ఈ క్యాంప్‌లో ఉన్నవాళ్లే. మారుతి రాకముందే ఇళ్లకు వెళ్లిపోయారట.

రాసినవి పది పేర్లే. పదకొండోవాడు ఇంకా జపానువాళ్లు పెట్టిన పేరుతోనే తిరుగుతున్నాడు. మారుతి కన్ను వాడి మీద పడింది.

ఎందుకు పడదు? స్టేడియానికి పోయే రోడ్డు పనిలో ఉన్నాడతను. వచ్చే ఏడాదే ప్రపంచ కప్పు. లోకమంతా ఆ రోడ్డు మీదుగానే పోతుంది. దాని మీద మారుతి పేరు ఎక్కడా ఉండదు. సైట్‌లో అతను హెల్మెట్ మీది నంబరు. ఆ నంబరుతోనే పిలుస్తారు, ఆ నంబరునే తిడతారు. కనీసం ఈ డొక్కు టీవీలోనైనా తన పేరు బంతి వెంట పరుగెత్తితే చూసుకోవాలని అతని ఆశ. వీడియో తీసి పంపుతానని భార్య సుహాసినికి ముందే చెప్పేశాడు కూడా.

"భాయ్, ఒక్కటి ఖాళీ ఉంది గద. నా పేరు పెట్టరాదు?"

"నై."

"ఎందుకు?"

"ఖాళీగనే ఉండనీ."

మారుతి బతిమాలాడు. బిర్యానీ తెచ్చి పెట్టాడు. డ్యూటీ బట్టలు ఉతికాడు. బాసిత్ బిర్యానీ తిన్నాడు, బట్టలు తొడుక్కున్నాడు, పేరు మాత్రం పెట్టలేదు. మహా పిసినారి.

పైగా ఆ టీమ్‌కు ఎన్ని మర్యాదలో! ఒక్కణ్ని కూడా బెంచీ మీద కూర్చోబెట్టడు. ఎవడి గోల్ తప్పినా ఒక్క మాట అనడు. ఎప్పుడు ఆడినా మంచు కురిసే మైదానమే పెడతాడు. మంచులో బంతి దొర్లక ఓడిపోయినా సరే, ఎండ మైదానం జోలికి పోడు.

"గీ చలిల ఏం ఆడతరు భాయ్?" అని మారుతి నవ్వాడొకసారి.

"ఆడనీరా. సల్లగ ఆడనీ."

నేపాలీలకు చోటుంది. ఒకే జిల్లా వాడికి, ఒకే భాష మాట్లాడేవాడికి లేదు. అది మారుతిని లోపల కొరుకుతూనే ఉంది. పక్క మంచం బుచ్చన్న దగ్గర వాపోతే, "అండ్ల చేరుడెందుకురా నీకు? తిని పండు," అని ఆ ముసలాయన గోడవైపు తిరిగాడు. అందరూ కలిసి తనను వెలివేశారనే అనుకున్నాడు మారుతి.

ఆ శుక్రవారం బాసిత్ నమాజుకు పోగానే మారుతి ప్లేస్టేషన్ ముందు కూర్చున్నాడు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే వెతికి నొక్కి, పదకొండోవాడికి తన పేరు పెట్టాడు. ఆ మంచు తీసేసి, ఎండ పెట్టాడు. సురేందర్ బంతి అందించాడు. మారుతి కొట్టాడు. గోల్! తెర మీద తన పేరు మెరిసింది. నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. ఆ గోల్‌ను మళ్లీ చూపిస్తుంటే ఫోన్‌లో తీసి ఇంటికి పంపేశాడు.

తలుపు తెరుచుకుంది. బాసిత్ వచ్చాడు. ఎండలో పరుగెత్తుతున్న ఆ పేరు చదివాడు. మరుక్షణం మారుతి చెంప పేలిపోయింది.

బాసిత్ కంట్రోలర్ లాక్కుని పేరు చెరపసాగాడు. తప్పు నొక్కాడు, వెనక్కి వెళ్లాడు, మళ్లీ చెరిపాడు. పాత జపాను పేరు గుర్తుకురాక ఏవో అక్షరాలు పెట్టేశాడు. ఆ పేర్లన్నీ దాచి ఉంచిన మెమరీ కార్డు ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

మారుతికి ఒళ్లు మండిపోయింది.

"వాళ్లకున్నది నాకేం లేదు భాయ్? వాళ్లందరు ఇంటికాడ హాయిగున్నరు. నేను ఈడ ఎండల సస్తున్న. ఒక్క పేరు పెడితె నీ సొమ్మేం పోతది?"

బాసిత్ కూలబడ్డాడు. తాను కొట్టిన చెంపనే అరచేత్తో నిమిరాడు.

"అరే పాగల్, ఆ పదిమందిల ఒక్కడు గూడ విమానంల సీట్ల కూసొని పోలే, అందరిని పెట్టెలల్ల పెట్టే పంపినం గదరా!"