పది సెకన్ల రొట్టె

"ఆపాకు చెప్పు అబ్బా! దాదీ నిన్నటి సంది దాని పేరే తలుస్తుంది," అంది మెహెక్. ఇబ్రహీంపట్నంలోని ఆ దవాఖాన వరండాలో తండ్రికి అడ్డంగా నిలబడింది.

"సోమవారం చెప్త. నువ్వు నోరు మూసుకోని కూసో," అన్నాడు మొహియుద్దీన్.

మెహెక్ అక్క మెహనాజ్ ఇటలీలో చదువుతోంది. శుక్రవారమే క్లాసంతా కలిసి రోమ్ వెళ్లారు. మూడు రోజులు అక్కడి బొమ్మలు చూడాలి, అక్కడి వంటలు తినాలి, వాటి గురించి రాయాలి. దానికి మార్కులు కూడా ఉన్నాయట. పోయి ఏడాదైనా ఆ పిల్ల తన గది, కాలేజీ తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు చెబితే అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుందని మొహియుద్దీన్ భయం. డాక్టరేమో ముసలామె బతకదు గానీ నాలుగైదు రోజులు ఫరవాలేదన్నాడు. సోమవారం చెప్పినా బుధవారానికి వచ్చి నాయనమ్మను చూసుకుంటుంది కదా! మంచి ఆలోచనే అనుకున్నాడు, పిచ్చి నాయన.

శనివారం మధ్యాహ్నం ఫోన్‌లోకి ఫొటోలు వచ్చాయి. మంచం మీది తల్లి నన్నే బీకి చూపించాడు. చర్చి కప్పు నిండా రెక్కల మనుషుల బొమ్మలు. ఒక గిన్నెలో మిరియాల పొడి చల్లిన లావుపాటి సేమ్యాలు.

నన్నే బీ కళ్లు చికిలించి చూసింది. "పంది కూర కలవలేదు గదా?"

"లేదమ్మా. అడిగే తింటుందట."

"ఈ బొమ్మలెందుకురా నాకు? పిల్లను చూపెట్టు. ఎప్పుడొస్తది?"

"వస్తది."

"జల్ది రమ్మను. గప్పటిదాక పాణం పట్టుకోని ఉంట."

మొహియుద్దీన్ బయటికొచ్చి గోడకు మొఖం పెట్టి ఏడ్చాడు. అంత ఏడ్చి కూడా ఫోన్ చేయలేదు చూడండి, అదీ ఆయన మొండితనం.

సాయంత్రం మెహనాజే చేసింది. "అబ్బా, దాదీకి ఇయ్యి."

"పండుకుంది బేటా. గొంతు పట్టింది, మాట వస్తలేదు."

మెహనాజ్ మెల్లగా అంది. "అట్లయితే రేపు దాదీ జొన్నరొట్టె కొడుతుంటే వీడియో తీసి పెట్టు. మా క్లాసుల ఇంటి వంట చూపెట్టాలె. పాతది గాదు, రేపటిదే గావాలె. పది సెకన్లు చాలు. మర్చిపోకు అబ్బా."

"గంతేనా? పెడ్తలే."

అనేశాడు గానీ, ఫోన్ పెట్టేశాక ఆ రొట్టె ఎవరితో కొట్టించాలా అని రాత్రంతా ఆలోచించాడు.

ఆదివారం పొద్దున మెహెక్‌ను దవాఖానలో ఉంచి, ఒక్కడే ఇంటికొచ్చి పక్కింటి నర్సమ్మను పిలిచాడు. ఆమె నన్నే బీ ఈడుదే. నన్నే బీకి జొన్నరొట్టె కొట్టడం నేర్పిందే ఆమె.

"పెద్దమ్మా, జర మా అమ్మలెక్క ఒక రొట్టె కొట్టు. చేతులే తీస్త, మొఖం రాదు."

"నీ తెలివి పాడుగాను! పిల్లను మోసం చేస్తవారా?"

"ఒక్క దినం పెద్దమ్మా. రేపు నేనే చెప్త."

నర్సమ్మ ముంజేతుల నిండా పచ్చబొట్లు. అవి కనబడకుండా తల్లి పొడుగు చేతుల కుర్తా తొడిగించాడు. దవాఖానలో నర్సు తీసిచ్చిన తల్లి వెండి ఉంగరం జేబులోంచి తీశాడు. అది చూడగానే నర్సమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బతికున్న మనిషి ఉంగరం నాకెందుకురా? గిది మంచిగ లేదు."

"పిల్ల కోసం పెద్దమ్మా."

పిల్ల కోసమంటే ఆమె కాదనలేకపోయింది. పీట మీద టపటపమంటూ రొట్టె సాగింది. నర్సమ్మ కన్నీళ్లు ఒళ్లో పడ్డాయి గానీ వీడియోలోకి రాలేదు. మొహియుద్దీన్ నాలుగుసార్లు చూసుకున్నాడు. అచ్చం తల్లి చేతులే. పంపించేశాడు.

నిమిషంలో జవాబొచ్చింది. 'షుక్రియా అబ్బా' అని, కింద వరసగా ముద్దుల బొమ్మలు. హమ్మయ్య అనుకొని ఇంత రొట్టె తిన్నాడు.

సాయంత్రం అయిదింటికి డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచాడు. "పొద్దుటిలా లేదు. రేపు మధ్యాహ్నం దాకా ఉంటే గొప్పే. చూడాల్సినవాళ్లను పిలిపించుకోండి."

నన్నే బీకి మాట పడిపోయింది. కళ్లు మాత్రం తలుపు వైపే ఉన్నాయి. మంచం పక్కన మెహెక్ ఫోన్ పట్టుకొని వెక్కుతోంది. "మధ్యాహ్నం సంది ఆపాకు చేస్తున్న అబ్బా. కలుస్తనే లేదు."

ఆయన చేస్తే మొదటి రింగుకే కలిసింది. వెనక నుంచి పిల్లల నవ్వులు, పళ్లాల చప్పుడు వినిపిస్తున్నాయి.

"బేటా, ఒక మాట చెప్త. జర గట్టిగ ఉండు..."

"ముందు నేను చెప్పాలె అబ్బా! నిన్న మెహెక్ నాకేం మెసేజ్ పెట్టిందో ఎరుకేనా? దాదీ దవాఖానల ఉందట, బతకదట! నువ్వేమో గొంతు పట్టిందన్నవ్. ఎవ్వరిని నమ్మాలో తెల్వక వీడియో అడిగిన. క్లాసు కోసమని ఉత్తగనే చెప్పిన. రాత్రికి రాత్రి టికెట్ కూడ తీసుకున్న. పొద్దున ఎయిర్‌పోర్ట్ బస్సుల కూసున్నంక వచ్చింది నీ వీడియో. దాదీ చేతులు చూసినంక నా పాణం లేచొచ్చింది. అట్లనే బస్సు దిగి వాపస్ వచ్చిన. ఆ మెహెక్ నంబర్ బ్లాక్ చేసి పారేసిన."

మొహియుద్దీన్ తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు ఇంకా తలుపు మీదే ఉన్నాయి.

మెహనాజ్ హాయిగా నవ్వింది. "లేకుంటే తెల్లారేసరికి దాదీ ముంగట ఉంటుంటి అబ్బా. గిప్పుడే పోయింది, నేనెక్కాల్సిన విమానం."