ఖానావళికి కొత్త మనిషి

"తాళాల ముచ్చట తర్వాత. ముందు ఇది యాదిపెట్టుకో," అంది యాదవ్వ. జోడ్‌భావి పేట్‌లో, మిల్లు పనికి వలస వచ్చిన తెలుగువాళ్లకు అన్నం పెడుతూ మూడు తరాలు నడిచిన ఖానావళిని ఆ పొద్దునే అమ్మేసిన మనిషి గొంతులో తడి లేదు.

కొనుక్కున్న రుక్మిణి తలూపింది.

"కొత్త మనిషొస్తే పళ్లెం పెట్టకముందే ఏ ఊరని అడగాలె. ఆ ఊరోని పక్కన పీట వెయ్యాలె. మా తాత, మా నాయన, మా ఆయన అందరు గట్లనే చేసిండ్రు. పనికి కొత్తగ వచ్చినోనికి ముద్ద దిగదు. ఊరోడు పక్కకుంటే దిగుతది."

"మిల్లులు మూతబడుతున్నయి. ఇంక కొత్తోళ్లు ఎవరొస్తరవ్వా?"

"వస్తరు. ఇగ ఈ ఖానావళికి మాలకీణివి నువ్వే, అడుగుడు మర్వకు."

"సరే. నువ్వు తిన్నవా?"

యాదవ్వకు గుర్తు రాలేదు. భర్త చనిపోయినప్పటి నుంచి వండుతోంది, వడ్డిస్తోంది. తాను తిన్నదీ లేనిదీ తెలియడం లేదు.

"అవతలి పేటల, కుంఠా నాకల ఉన్న చెల్లె ఇంటికి పోతున్న కద. ఆడ తింట."

రుక్మిణి వినలేదు. పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది.

"ఇయ్యాల కొత్త మనిషివి నువ్వే. ఏ ఊరవ్వా?"

ముప్పై ఏళ్లుగా తాను అందరినీ అడిగిన మాటే. యాదవ్వ పొయ్యి వైపు చూసింది. పుట్టింది ఈ వంటింట్లోనే. పెళ్లయ్యాక ఉన్నదీ ఇక్కడే. చెప్పడానికి మరో ఊరు లేదు.

రుక్మిణి కూడా అటే చూసింది. పీట తీసుకెళ్లి పొయ్యి పక్కన వేసింది.

యాదవ్వ కూర్చుంది. ముద్ద దిగింది.