ఒక్క పూట వెనక

సింగపూర్ నుంచి కారేసుకుని మలేషియాలోకి వచ్చిన నాలుగు రోజుల్లో జుమాత్, రోహయా ఆరిళ్ళు తిరిగారు. అన్నయ్యలు, పిన్నమ్మలు, పాత స్నేహితులు. అందరూ కొసరి కొసరి వడ్డించి ఒకే మాట చెప్పారు.

"మీ అమ్మాయా? పొద్దున్నే వెళ్ళిపోయిందే! ఒక్క పూట ముందొస్తే దొరికేది."

తైపింగ్‌లో ఏడో ఇంటి ముందు కారాపి, జుమాత్ దిగకుండా స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

"ఇక్కడా ఉండదు రోహయా. కాళ్ళు విరగ్గొడతానన్నది కోపంలో అన్న మాటే! అది కావాలన్న ఆ బస్సు డ్రైవర్నే పెళ్ళి చేసుకోనీ. బతికుందని ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు నాకు."

ముప్పై ఏళ్ళ కాపురంలో అతను ఏడవగా ఆమె చూడలేదు.

"నిజంగానే అంటున్నారా, అబాంగ్?" మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే మలయ్ పిలుపుతోనే అడిగింది.

"అల్లా మీద ఒట్టు."

రోహయా ఫోన్ తీసింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడల్లా అతని కంట పడకుండా చేసిన నంబరుకే, ఈసారి అతని ముందే చేసింది.

"ఇంక పారిపోకు తల్లీ, సర్దుకున్న సంచి కింద పెట్టు. గుమ్మంలోనే ఉన్నాం. నాన్న ఏడుస్తున్నాడు, వచ్చి తలుపు తియ్యి."