ఆఖరి చుట్టు

"మీరిలా పడుంటే నేనక్కడికెళ్ళి గంతులేస్తానా? పరిగెత్తను గాక పరిగెత్తను" అని నిత్యానందం తండ్రి మంచం పక్కన కూలబడ్డాడు.

దేవసహాయం దుప్పట్లోంచి చెయ్యి తీసి కొడుకు మోకాలి మీద వేశాడు. పది రోజులుగా దగ్గు ఆ మనిషిని పిప్పి చేసేసింది. పందెం రోజు పొద్దున మాత్రం ఎందుకో తెరిపిన పడ్డట్టు కనిపించాడు. అడిగి మరీ గంజి తాగాడు. గోడకున్న కోటు తీసి మంచం మీద పెట్టమని భార్య మార్తమ్మతో చెప్పాడు.

"వెళ్ళరా అబ్బాయ్. పాక్కుంటూ అయినా వచ్చి నీ గంట నేనే కొడతాను. ఆ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టు. ఒక్కసారి పట్టుకుని చూస్తాను."

నిత్యానందం లేచి పందేనికి బయల్దేరాడు.

మండవల్లి పక్కనున్న ఆ ఊళ్ళో మిషను గుడి గంట కొట్టేది దేవసహాయమే. కొడుక్కి దేవుడు కాళ్ళిచ్చాడు గాని, నిదానం ఇవ్వడం మరిచిపోయాడు. కిందటేడు మైలు పందెంలో మొదటి చుట్టుకే ఉన్న ఊపిరంతా ఊదేసి, మూడో చుట్టులో బోర్లా పడ్డాడు. ఇలా కాదని, తెల్లవారుజామున కొట్టే గంటతోనే వాడికి పరుగు నేర్పాడు తండ్రి. మైలుకి నాలుగు చుట్లు. మూడు చుట్లూ ఒక్కొక్క దెబ్బ తాపీగా కొట్టేవాడు, వాడి అడుగు కూడా అంత తాపీగానూ పడాలి. నాలుగో చుట్టుకి గణగణా వాయించేవాడు. అప్పుడిక వెనకా ముందూ చూడకుండా దౌడు తియ్యాలి. దేవసహాయం గంట మొదలెడితే ఎసరు మరిగిందాకా ఆపడని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

అతను మంచం పట్టాక ఆరాధన గంట జ్ఞానయ్య కొడుతున్నాడు. అతనిదంతా హడావిడి. తాడు పట్టుకుని నాలుగు దెబ్బలు దబదబా లాగేసి పోతాడు. పరుగు గంట కొట్టడం తన వల్ల కాదు బాబూ అని ముందే చేతులెత్తేశాడు.

గుడి వెనక కోసేసిన చేలో పందెం. ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చారు. అందరిలోకీ గట్టివాడు ఏలూరు పాండురంగారావు, కాళ్ళకి కాన్వాసు బూట్లతో దిగాడు. బల్ల మీద ఆ ఏడు కొత్తగా పెట్టిన జూబిలీ కప్పు మెరుస్తోంది. పందెం నడిపే మిషను దొరగారు ఈల వేశారు.

నిత్యానందం పరిగెడుతున్నాడన్న మాటే గాని, ప్రాణమంతా గుడి మీదే ఉంది. గంట లేదు. నాన్న రాలేకపోయారు. ఆ దిగులుకి ఒళ్ళు తెలియక, కాళ్ళకి పగ్గం లేకుండా పోయింది. మళ్ళీ కిందటేటి కథే. అందర్నీ దాటేసి, రొప్పుకుంటూ మొదటి చుట్టు ముగించాడు.

అప్పుడు మోగింది గంట. ఒక్కటే దెబ్బ. కాసేపాగి ఇంకొకటి. ఇంకాసేపాగి మరొకటి.

నాన్న లేచారు! ఇంత తాపీగా కొట్టే చెయ్యి ఊళ్ళో ఇంకెవరిది? నిత్యానందానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే అడుగు తగ్గించాడు. పాండురంగారావు దాటిపోయాడు. వెనకే ఇంకో ఇద్దరు దాటిపోయారు. గట్టు మీద ఎవరో, ఏవయ్యా నిద్రొస్తోందా అని వెక్కిరించారు. అయినా వాడు చలించలేదు. పక్క చేలో కుప్ప వేస్తున్నవాళ్ళు తలగుడ్డలు తీసి గుడి వైపు తిరిగి నిలబడ్డారు. జబ్బు మనిషి వచ్చి కొడుకు కోసం గంట కొడుతుంటే ఆ మాత్రం మర్యాద చెయ్యరా మరి, అనుకుని పొంగిపోయాడు.

మూడో చుట్టులో గంట ఇంకా నెమ్మదించింది. ముందున్నవాళ్ళు చాలా దూరం వెళ్ళిపోయారు. ఇంక ఆగలేను నాన్నా అని లోపల మొత్తుకుంటూనే, ఆ దెబ్బకి తగ్గట్టే అడుగు వేశాడు. పోయినేడు మాట వినక పడ్డాడు. ఈ ఏడు ఓడినా సరే, మాట తప్పదలుచుకోలేదు.

నాలుగో చుట్టు మొదలైంది. గంట ఆగిపోయింది.

వాడి గుండె కూడా ఆగినంత పనైంది. మరుక్షణం గణగణగణమంటూ, తాడు తెగిపోతుందేమో అన్నట్టు మోగింది. ఇక నిత్యానందాన్ని పట్టుకునేవాడెవడు? దాచుకున్న ఊపిరంతా కాళ్ళలోకి దిగింది. ఇద్దర్నీ మలుపు దగ్గరే దాటేశాడు. పాండురంగారావుని గెలుపు గీత దగ్గర కట్టిన తాడు ఇంకో నాలుగడుగులుందనగా దాటాడు.

దొరగారు ఇంగ్లీషులో ఏదో మెచ్చుకుంటూనే ఉన్నారు. వాడు కప్పు చంకలో పెట్టుకుని గుడి దగ్గరికి పరిగెత్తాడు.

గంట కింద తండ్రి లేడు. తాడు పట్టుకుని మార్తమ్మ నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది, అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. జ్ఞానయ్య ఓ పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

"నాన్నేరమ్మా? అలిసిపోయి ఇంటికెళ్ళారా? ఎంత బాగా కొట్టారమ్మా!"

మార్తమ్మ కప్పు అందుకుని పైటచెంగుతో తుడిచింది.

"నెమ్మదిగా కొట్టింది మీ నాన్న కాదురా, ఆయన పోయారని ఊరికి తెలియడానికి జ్ఞానయ్య ఒక్కొక్క దెబ్బే చావుగంట కొట్టాడు, ఆఖరి చుట్టు మటుకు, శవాన్ని వదిలేసి వచ్చి, నేను కొట్టాను."